కేసెట్‌లో పడని మాట

నా చిన్నప్పుడు శుక్రవారమంటే మా ఇంట్లో వాదాల రోజు. గల్ఫ్‌లో, దోహా నగరంలోని అల్ దోహా అల్ జదీదా పేటలో మా ఇరుకు ఫ్లాటులో పొద్దున్నే చాపలు పరిచేవాళ్ళం. మనిషి తనను తాను తెలుసుకోవడానికే పుట్టాడనీ, లోకాన్ని ఉద్ధరిస్తామనడం అహంకారమనీ మా పెదనాన్న అనేవారు. నాన్నగారి స్నేహితుడొక ఇంజనీరు ఒప్పుకొనేవారు కాదు. ఎవరి మోక్షం వారు చూసుకోవడం స్వార్థమనీ, మానవజాతి మొత్తానికి ఒక గమ్యముందనీ, మనం దానికి పనిముట్లమనీ ఆయన వాదన. అమ్మ చేసిన ఉప్మా చల్లారిపోయేది. వాళ్ళలో ఒక్కరైనా గెలవగా నేను చూడలేదు.

ఒక శుక్రవారం కూలీలుండే క్యాంప్ నుంచి ఒకతను వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి. చేతిలో టేప్ రికార్డర్ ఉంది. ఆ రోజుల్లో చదువురాని ఇళ్ళకు ఉత్తరాలు కేసెట్లలోనే వెళ్ళేవి. సెలవు మీద ఊరికి పోయేవాళ్ళ చేతికిచ్చి పంపేవారు. అతని గదిలోనే ఉండే సొంతూరివాడు రెండు రోజుల కిందట పరంజా మీద నుంచి పడి చనిపోయాడు. తల్లికి ఇంకా తెలియదు. ఊరికి పోయే మనిషి ఆ సాయంత్రమే విమానం ఎక్కుతున్నాడు. శవపేటిక కంటే ముందు కబురు చేరాలి.

"సార్, మీరు సదువుకున్నోళ్లు. జర మంచిగ చెప్పుండ్రి. నాతోని గాదు," అన్నాడు.

పెదనాన్న గొంతు సవరించుకుని మీట నొక్కారు. ఆత్మకు చావు లేదనీ, ఏడ్చేవారెవరో ముందు తెలుసుకోవాలనీ మొదలుపెట్టారు. ఇంజనీరు ఊరుకోలేకపోయారు. మీ అబ్బాయి కట్టిన గోడ మానవజాతి ప్రయాణంలో ఒక మెట్టమ్మా అని మధ్యలో అందుకున్నారు. కేసెట్ తిరుగుతూనే ఉంది. కొడుకు పోయాడన్న మాట మాత్రం అందులో పడలేదు.

గోడకానుకుని వింటున్న పక్కింటి అక్క వచ్చి మీట నొక్కి ఆపేసింది. ఆమె ఆస్పత్రిలో నర్సు.

"బాబాయిగారూ, ఇది శుక్రవారం సభ కాదండీ," అంటూ కేసెట్ వెనక్కి తిప్పింది. "తమ్ముడూ, నువ్వే చెప్పు. ఇక్కడ ఆవిడ గుర్తుపట్టే గొంతు నీదొక్కటే."

"ఏం జెప్పాలక్కా?"

"ఆఖర్న పక్కన ఎవరున్నారు?"

"నేనే."

"అదే చెప్పు."

అతను రికార్డర్‌ను రెండు చేతులా పట్టుకున్నాడు. "పెద్దమ్మా, మనోడు లేడే. పరంజ మీదికెల్లి పడ్డడు. నీళ్లడిగిండు, తాపిన. నా ఒళ్లెనే పానం బోయింది. నీ పేరు దీసిండని చెప్పబుద్ధయితుంది పెద్దమ్మా, కని తియ్యలే. గంత టైం దొరకలే."

తర్వాత అతని ఊపిరి మాత్రమే రికార్డయింది. అక్క దాన్ని చెరపలేదు. అలాగే పంపించింది.

మరుసటి శుక్రవారం మా ఇంట్లో చాపలు మళ్ళీ పరిచారు. వాదం ఆపిన చోటు నుంచే మొదలైంది. అందుకు వాళ్ళను నేను చాలా కాలం క్షమించలేదు. తర్వాత నేనూ వాదాలే రాశాను, ఆత్మను నమ్మేవారి మీదా, జాతి గమ్యాన్ని నమ్మేవారి మీదా నిప్పులు చెరిగాను. కానీ తనను తాను తెలుసుకున్న మనిషిని నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ క్యాంప్ మనిషి, తన బాధ తగ్గించుకునే అబద్ధం నోటిదాకా వస్తే, అది అబద్ధమని గుర్తుపట్టి, తనకేమీ కాని ఒక తల్లికి నిజం అప్పగించాడు. ఇప్పటికీ ఏదైనా గొప్ప మాట రాస్తే, ఆ తల్లికి చదివి వినిపించగలనా అని ఆగి చూస్తాను. నా పేజీలు చాలావరకు అక్కడే చిరిగిపోతాయి.