నాపరాళ్ళు పరిచిన పడవ

మొన్న పాత కలప కొనే ఆసామి ఒకడు మా దొడ్లోకి వచ్చి, దుంగల మీద నిలబెట్టిన నా పడవ చుట్టూ రెండుసార్లు తిరిగి, టేకు బాగుందండీ, మంచాలకు పనికొస్తుంది, ఇచ్చేయండి అన్నాడు. ఇవ్వనన్నాను. ఊరికే ఎండిపోతోంది కదండీ అని వాడు ఇంకేదో చెప్పబోతే గేటు చూపించాను. ఈ వయసులో అంత కోపం పనికిరాదని మా ఆవిడ అంటుంది. నిజమే కానీ, ఆ పడవ విషయంలో ఊరందరి మాటా కాదన్నవాణ్ణి, కలప బేరగాడి మాట వింటానా?

వంతెన లేని రోజుల్లో కృష్ణ అవతలికి పిల్లనివ్వడం అంటే ఏమిటో మన వయసు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మా అక్కను అవతలి ఒడ్డున, మా రేవుకి నాలుగు మైళ్ళు ఎగువనున్న ఊరికిచ్చారు. నాకు దాచేపల్లి దగ్గర చిన్న నాపరాయి క్వారీ, ఒక లారీ ఉన్న రోజుల్లో, అక్క బావి గట్టున జారిపడి నడుం విరగ్గొట్టుకుంది. మూడు నెలలకు మంచం దిగింది గానీ, కుదుపు తగలకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. చుట్టు తిరిగి బస్సులో రావాలంటే దారంతా గుంతలు. రేవులో తిరిగే ఫైబర్ పడవ ఎక్కితే ఇంజను అదురు నేరుగా వెన్నులోకే. దాంతో మా బావ, ఇక పుట్టింటి ప్రయాణాలు చాలు, చూడాలనిపిస్తే తమ్ముడే వస్తాడని తేల్చేశాడు. అక్క తల వంచుకుంది, అదే నాకు భరించరానిదైంది. వస్తుంది, వచ్చి తీరుతుంది అని బావ మొహం మీదే చెప్పి బయటికొచ్చాను గానీ, ఎలా వస్తుందో నాకే తెలియదు.

రేపల్లె వైపు ఒక కాలవ గట్టున, ఒకప్పుడు ధాన్యం మోసిన తెరచాప పడవ అమ్మకానికుందని విని వెళ్ళాను. వెడల్పాటి పొట్ట, నాలుగు వేళ్ళ మందం పలకలు. ఇది బరువండీ, పరుగు తక్కువ అని అమ్మేవాడే చెప్పాడు. పరుగెవరికి కావాలి? నాకు తెలిసిన పరీక్ష ఒక్కటే, రాయిని సుత్తితో తట్టి వినడం. పగులు లేనిదైతే ఖంగుమంటుంది. అలవాటు కొద్దీ పడవ పలకలన్నీ ఒక్కొక్కటే తట్టుకుంటూ పోతే గట్టు మీది వాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. ఒక్కటీ ఖంగుమనలేదు, కర్ర ఎందుకంటుంది? అయినా కొన్నాను. నా రాళ్ళ లారీ మీదే ఎక్కించి నరసరావుపేట బజారు మీదుగా తెస్తుంటే షాపుల వాళ్ళు బేరాలు వదిలేసి బయటికొచ్చి చూశారు. మా ఆవిడ గుమ్మంలోనే నిలబడి, "ఏందయ్యా ఇది? రాళ్ళు చాలవని ఓడలు మొదలుపెట్టావా?" అంది.

మా రేవులో తెడ్డు వేసీ వేసీ ముసలివాడైన బాబాయ్ ఒకాయన్ని తోడు పెట్టుకున్నాను. చుట్టం కాదు, వరస కలుపుకున్నదే. నీళ్ళలో దింపితే ఖాళీ పడవ చిన్న గాలికే ఊగింది. నాకు తెలిసిన మందు రాయి. క్వారీ నుంచి నాపరాళ్ళు తెప్పించి, ఇంట్లో పరిచినట్టే పడవ అడుగంతా రెండు వరసలు పరిపించాను. బాబాయ్ నెత్తిన చేతులు పెట్టుకుని, "ఒరేయ్, నీళ్ళ మీద తేలేదానికి బండలు పరిచినోణ్ణి నేను చూళ్ళేదురా. మునిగితే నా దారిన నేను ఈదుకుంటా పోతా" అన్నాడు. ఆయన భయమూ నిజమే, నీళ్ళు పడవ అంచుకి జానెడు దూరంలోకి వచ్చేశాయి. పై వరస తీయించేశాను. కింది వరసతోనే పడవ ఇంటి అరుగులా కదలకుండా నిలబడింది. ఆ తరవాత బాబాయ్ రాళ్ళ ఊసెత్తలేదు.

మొదటి ప్రయాణానికి బావ చేతులు కట్టుకుని ఒడ్డున నిలబడ్డాడు. అక్కను దూది పరుపు మీద పడుకోబెట్టి, పైన చీర కట్టి నీడ చేసి, తెరచాప ఎత్తాము. ఇంజను పడవల వాళ్ళు రయ్యిన దాటిపోతూ, ఇయ్యాల్టికి చేరతారా అని కేకలేశారు. చేరాము, రెండు గంటల పైనే పట్టింది. మా రేవు దగ్గరికొచ్చి, నొప్పిగా ఉందా అక్కా అని అడిగితే ఆమె లేవలేదు.

"అప్పుడే వచ్చిందా? ఇంకో చుట్టు తిప్పరా" అంది కళ్ళు మూసుకునే. "పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ, పట్టపగలు ఇట్టా కాళ్ళు చాపుకోని పడుకున్నది లేదురా నేను. ఇక్కడైతే ఎవరూ పిలవరు."

నాకు సిగ్గేసింది. పుట్టింటికి తీసుకొస్తున్నానని మీసం మెలేశాను గానీ, ఆ పుట్టింట్లోనూ ఆమె వచ్చింది మొదలు వెళ్ళేదాకా పొయ్యి దగ్గరే ఉండేదని నాకు అంతవరకూ తోచనే లేదు. గట్టు మీద మా ఆవిడ భోజనానికి రమ్మని చెయ్యి ఊపుతూనే ఉంది. నేను చుక్కాని తిప్పేశాను. బాబాయ్ తెరచాప తాడు సరిచేసుకున్నాడు. అన్నం చల్లారితే చల్లారిందని, మరో గంట నది మీదే తిరిగాము.

అలా చాలా ఏళ్ళు గడిచాయి. తరవాత వంతెన వచ్చింది, బాబాయ్ పోయాడు, నా చేతులకు వణుకు పట్టుకుంది. వంతెన వద్దని నేననను, మొదటిరోజు దాని మీద నడిచి సంతోషపడ్డవాళ్ళలో నేనూ ఉన్నాను. అక్క నడుం కుదుటపడింది, నున్నటి రోడ్డు మీద కారులో అరగంటలో వస్తుంది, కుదుపన్నది లేదు. ఎంత సులువైపోయిందో చూశావా అని అందరూ అంటారు. అవతల ఒడ్డు దగ్గరైంది, అవతలి పిలుపూ దగ్గరైంది. పది గంటలకు దిగి నేరుగా వంటింట్లోకి వెళ్ళే మనిషికి, నాలుగు కాకముందే బావ దగ్గర్నుంచి ఫోను.

పోయిన వారం వచ్చినప్పుడు పొయ్యి పక్కన నిలబడే కాఫీ తాగుతోంది. నేనే కుర్చీ తెచ్చి వేసి, కాసేపు కూర్చో అక్కా అన్నాను.

"టైం లేదురా" అంది.