పసుపు చేతులు, పాత యాసిడ్

నా చిన్నప్పుడు మా ఇళ్ళల్లో పదో తరగతి దాటింది మా చిన్నమ్మ ఒక్కతే. ఆ చదువు చూసే పటాన్‌చెరులోని ఒక చిన్న డయోడ్ల కంపెనీలో ఆమెను పనిలోకి తీసుకున్నారు. మా చిన్నాయన కాలు విరిగి మంచాన పడ్డాక ఇస్నాపూర్‌లోని వాళ్ళ ఇల్లు ఆమె ఉద్యోగం మీదే నడిచేది. ఎండాకాలం సెలవులకు అక్కడికి వెళ్ళినప్పుడు రోజూ మధ్యాహ్నం ఆమెకు టిఫిన్ డబ్బా తీసుకెళ్ళడం నా పని.

ఆమె చేసే పనేమిటో నాకు అన్నం తింటూ చెప్పేది. సిలికాన్ ముక్కకు తీగ అతకాలంటే ముందు దాని మీద నికెల్ పూత ఎక్కాలి. చిక్కల్లా ఎక్కడంటే, సిలికాన్‌కు గాలి తగిలితే చాలు, కంటికి కనిపించని పొర ఒకటి కడుతుంది. యాసిడ్‌లో ముంచి ఆ పొర తీసేసి, మళ్ళీ కట్టేలోగా పూత వేసి, కొలిమిలో వేడి చేయాలి. అప్పుడే లోహం సిలికాన్‌లోకి దిగి, కరెంటు అడ్డు లేకుండా పోతుంది. పొర మిగిలిపోతే పూత పైపైన అంటుకుని ఊరుకుంటుంది. చూడటానికి మాత్రం రెండూ ఒకేలా మెరుస్తాయి.

ఆ ఏడాది ముక్కలు కుప్పలు కుప్పలుగా చెడిపోయాయి. తప్పెక్కడుందో వెతకాల్సిన సూపర్‌వైజర్ ఆడవాళ్ళ చేతులు వెతికాడు. శుక్రవారం వాళ్ళు పసుపు రాసుకుని వస్తారు కదా, ఆ పసుపు అంటుకోవడం వల్లే పూత పట్టడం లేదని తేల్చేశాడు. పొద్దున్నే గేటు దగ్గర వాచ్‌మన్ ముందు అందరూ అరచేతులు చాపి నిలబడాలి. అతను వంగి వాసన చూసేవాడు. ఆ ముక్కల్ని ఎవరూ చేత్తో ముట్టరు, చిమ్టా అనే చిన్న పట్టకారుతోనే పట్టుకుంటారు. ఆ సంగతి సూపర్‌వైజర్‌కు తెలియదా? తెలుసు. అయినా ఆ చేతులే దొరికాయి అతనికి.

అంతకంటే నాకు మంట పుట్టించేది ఇంకొకటి ఉంది. నేనూ అతని మాటే నమ్మాను. ఒక శుక్రవారం పొద్దున చిన్నమ్మ పసుపు కలుపుతుంటే, "నీ పసుపుతోనే గదా ఖరాబైతున్నయి, ఎందుకు రాసుకుంటవ్?" అని గద్దించాను. ఆమె నన్నొకసారి చూసి, పసుపు రాసుకుంది.

మధ్యాహ్నం నేను డబ్బాతో వెళ్ళేసరికి లోపల గొడవ జరుగుతోంది. వద్దన్నా పసుపు రాసుకొచ్చిందని, రేపటి నుంచి పనిలోకి రావద్దని సూపర్‌వైజర్ చిన్నమ్మకు చెప్పేశాడు. ఆమె ఏడవలేదు. "ఒక్క గంట ఆగుండ్రి సార్. అందరి ముందట చేసి సూపిస్త, అప్పుడు పొమ్మంటే పోత" అంది. తక్కిన ఆడవాళ్ళంతా పని ఆపి చుట్టూ చేరారు కాబట్టి అతనికి ఆగక తప్పలేదు. నేను కిటికీ దగ్గర నిలబడి చూశాను.

ఆమె రెండు ముక్కలు తీసుకుంది. ఒకదాని మీద పసుపు బొటనవేలితో గట్టిగా రుద్ది, రోజూ కడిగే పద్ధతిలోనే కడిగి, కొత్త యాసిడ్‌లో ముంచింది. రెండోదాన్ని వేలు తగలనివ్వకుండా చిమ్టాతో పట్టి, అలాగే కడిగి, సూపర్‌వైజర్ వారాల తరబడి మార్చకుండా వాడిస్తున్న పాత యాసిడ్ డబ్బాలో ముంచింది. రెండింటికీ ఒకేసారి పూత, ఒకే కొలిమి. బయటికి వచ్చాక ఏది ఏదో ఎవరూ పోల్చుకోలేకపోయారు, రెండూ అంత బాగా మెరిశాయి. తర్వాత ఒక్కోదాన్ని బ్యాటరీకీ చిన్న బల్బుకూ మధ్య పెట్టింది. పసుపు రుద్దిన ముక్కతో బల్బు భగ్గున వెలిగింది. చెయ్యే తగలని ముక్కతో బల్బు లోపలి తీగ కాస్త ఎర్రబడి ఆగిపోయింది. బలం చచ్చిన పాత యాసిడ్ ఆ పొరను తీయలేదన్నమాట.

"గిప్పుడు చెప్పుండ్రి సార్, ఖరాబ్ ఏడున్నది?"

అతను బల్బు వైపు చూశాడు, యాసిడ్ డబ్బా వైపు చూశాడు. "సరే, యాసిడ్ మార్చుండ్రి" అని వెళ్ళిపోయాడు. అంతే. చిన్నమ్మ ఉద్యోగం నిలిచింది గానీ, క్షమించమన్న మాట అతని నోట రాలేదు. గేటు దగ్గర చేతులు వాసన చూడటం కూడా ఆగలేదు. తప్పు తనదని తేలాక కూడా సిగ్గులేని మనిషి!

మరుసటి శుక్రవారం చిన్నమ్మ పసుపు మోచేతుల దాకా పూసుకుంది. "ఇగ సూసుకోనీ, మంచిగ సూసుకోనీ" అంటూ బయల్దేరింది. నేను తప్పయిందని చెప్పబోయాను. ఆమె అదే చేత్తో నా చెంప మీద ఒక్కటి తట్టి వెళ్ళిపోయింది. ఆ పసుపు నేను సాయంత్రం దాకా కడుక్కోలేదు.

ఇప్పుడు నాకూ జుట్టు నెరిసింది. ఎక్కడైనా పని చెడిందని పనివాళ్ళ చేతులు పట్టి చూస్తుంటే ముందు వాళ్ళకిచ్చిన సరుకు డబ్బా ఇటు తెమ్మని అడుగుతాను, గొడవైనా సరే. శుక్రవారం పసుపు కలిపినప్పుడల్లా ఆ సూపర్‌వైజర్ మీదా, ఆ పొద్దుటి నా నోటి మీదా కోపం కొత్తగానే వస్తుంది. అది చల్లారాలని నేను ఏనాడూ కోరుకోలేదు.