మంచు మీద మొలిచిన మామిడితోటలు

2023 వేసవి. తిరుపతిలో ఒక యూనివర్సిటీ బయోఇన్ఫర్మాటిక్స్ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. చుట్టాలు నా ఉద్యోగమేమిటని అడిగితే, మైక్రోస్కోపు ముట్టుకోని జీవశాస్త్రం అని చెబుతాను. పరిశోధక విద్యార్థులు తెచ్చే డీఎన్ఏ సీక్వెన్సులను, అంటే జీవుల్లోని జన్యు అక్షరాల వరుసలను, సరిచూసి ప్రపంచమంతా వాడుకునే వెబ్ డేటాబేస్‌లోకి ఎక్కించడంలో సాయపడటం నా పని.

ఆ విద్యార్థుల్లో ఒకరైన కరుణది పాకాల దగ్గరి పల్లె. తోతాపురి మామిడి ఆకుల మీద నల్లమచ్చలు తెచ్చే బూజులో రకాలెన్నో తేల్చడం ఆమె పీహెచ్‌డీ. దామలచెరువు చుట్టుపక్కల తోటల్లో ఆకులు కోసుకొచ్చింది. వాళ్ళ నాయన పని మానుకుని మరీ ఆమెను బండి మీద తోట తోటకూ తిప్పాడు. ఆ ఆకుల మీద రాసిన వ్యాసం ఒక జర్నల్ పరిశీలనలో ఉంది. అది అచ్చయితేగాని ఆమె గైడు థీసిస్ మీద సంతకం పెట్టరు. ఈలోగా అదే వ్యాసాన్ని ప్రీప్రింట్‌గా, అంటే జర్నల్ తీర్పు రాకముందే ఎవరైనా చదువుకునేలా, వెబ్‌లో పెట్టింది.

నేను చదువుకునే రోజుల్లో మన వ్యాసాన్ని ఎవరైనా చదివారో లేదో తెలియడానికే ఏళ్ళు పట్టేది. ఇప్పుడు ముక్కూ మొహం తెలియనివాళ్ళు తెల్లారేసరికి చదివేస్తున్నారు. ఒకరోజు పొద్దున కరుణ ల్యాప్‌టాప్ తెరిచి నా బల్ల మీద పెట్టింది. మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు.

ప్రీప్రింట్ కింద ఎవరో ఉత్తర ధ్రువం దగ్గరి ఒక దీవి నుంచి వ్యాఖ్య రాశారు. "మీ మామిడితోటలన్నీ మా మంచుకొండల మీద కనిపిస్తున్నాయి. నేనిక్కడ చెట్టన్నది చూసి చాలా కాలమైంది. దయచేసి ఒకసారి చూసుకుంటారా?"

ఆకులు కోసిన చోట్లకు ఆమె ఇచ్చిన లొకేషన్లతో మ్యాప్ తెరిచాను. నిజమే. దామలచెరువు తోటల చుక్కలన్నీ తెల్లటి మంచులో బారులు తీరి ఉన్నాయి. నాకు నవ్వొచ్చింది. కరుణను చూసి మింగేశాను.

"జర్నల్ ఎడిటర్ కూడా చూసినాడు మేడమ్. ఆకులు నిజంగా కోసినట్టు ఆధారం పంపేదాకా వ్యాసం ఆపినామని రాసినాడు. నేను తోటలకు పోనేలేదు, అంతా కల్పించినానని అనుకుంటాండారు" అంది. "నాయన ఎండలో బండి తోలినాడు మేడమ్. ఆయనకేం చెప్పేది?"

ప్రీప్రింట్‌ను చడీచప్పుడు లేకుండా తీసేయమని గైడు అన్నారట. నాకు ఒళ్ళు మండింది. వెబ్‌లో పెట్టింది పూర్తిగా చెరిగిపోదు. తీసేస్తే తప్పు చేసినవాళ్ళు పారిపోయారనే అనుకుంటారు. చేయగలిగిందల్లా సరిదిద్దిన కొత్త వెర్షన్ దానిపైన పెట్టడమే.

ముందు తప్పెక్కడుందో వెతికాను. ఫోన్‌లో లొకేషన్ చూస్తే అక్షాంశం ముందు, రేఖాంశం తర్వాత వస్తాయి. మన వైపు అవి సుమారు పదమూడూ డెబ్బైతొమ్మిదీ. ఆమె నింపిన పట్టికలో మాత్రం రేఖాంశం ముందు అడిగారు. కరుణ అలవాటుకొద్దీ ఫోన్‌లో ఉన్న వరుసలోనే ఎక్కించింది. అంకెలు తారుమారై, చిత్తూరు ఎండలో మాడే తోటలు ధ్రువం పక్కకు చేరాయి.

రెండు అంకెలనూ అటూ ఇటూ మార్చగానే చుక్కలన్నీ దామలచెరువు మీద వాలాయి. కానీ ఎడిటర్ అడిగింది ఆధారం. దారి తెలియడానికి రైతులు ఆనాడు వాట్సాప్‌లో తమ తోటల లొకేషన్ పంపేవారు. కరుణ అప్పుడు వాడిన ఫోన్ నీళ్ళలో పడి పాడైపోయిందట.

"పంపినవాళ్ళ దగ్గర ఉంటుంది కదా" అన్నాను.

కరుణ మునిరత్నం అనే తోట రైతుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. పాత మెసేజీలు ఉన్నాయా అని భయం భయంగా అడిగింది.

"నేనేదీ తీసేయనమ్మా. పొద్దున్నే వచ్చే పూల బొమ్మలు కూడా అట్నే ఉండాయి" అన్నాడాయన. "నువ్వు ఆకులు కోస్తాంటే నేను తీసిన ఫోటో కూడా ఉండాది. మీ నాయన చెట్టు కింద నిద్రపోతాండాడు సూడు, అదీ. అన్నీ పంపేదా?"

తేదీలతో సహా అన్నీ వచ్చాయి. మిగతా రైతులు కూడా తమ దగ్గరున్నవి పంపారు. కరుణ ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. నేను టీ తెప్పించాను. నిజం చెప్పాలంటే ఆ టీ ఆమెకంటే నాకే ఎక్కువ అవసరమైంది.

కొత్త వెర్షన్ పెట్టి, జరిగిన పొరపాటును కరుణ తన పేరుతోనే దాని మొదట్లో రాసింది. ఎడిటర్ ఆధారాలు చూసి పరిశీలన కొనసాగించాడు. వ్యాసం అచ్చయింది. గైడు సంతకం పెట్టారు. దీవి మనిషి కూడా జవాబిచ్చాడు. "తోటలు ఇంటికి చేరినందుకు సంతోషం. మాకు మాత్రం కాస్త వెలితిగానే ఉంది."

తప్పు నలుగురిలో బయటపడితే తల కొట్టేసినట్టుంటుంది. కానీ ఎవరూ చూడకపోతే ఆ చుక్కలు మంచులోనే ఉండిపోయేవి. ఇంకెవరో వాటిని నమ్మి లెక్కలు కట్టేవారు. అందుకే ఇప్పుడు డేటా తెచ్చిన ప్రతి విద్యార్థి చేతా, ఎక్కించేముందు మ్యాప్ తెరిపిస్తాను. మీ చుక్క మీ ఊళ్ళో పడిందో లేదో కళ్ళారా చూసుకోండి అంటాను.

థీసిస్ కృతజ్ఞతల పేజీలో దీవి మనిషి పేరు, మునిరత్నం పేరు పక్కపక్కనే ఉన్నాయి. కరుణ ఆ పేజీని మునిరత్నానికి ఫోన్‌లో చదివి వినిపించింది.

"ఆయప్ప మన తోటను అంత దూరం నుంచి సూసినాడంటే గొప్పే" అన్నాడు. "ఈసారి కాపుకు రమ్మని రాయమ్మా. లొకేషన్ నేను పంపిస్తా."