మల్లెకు నీళ్లు ఆపిన నెల

"నెల దినాల నుంచి నీళ్లు బంద్ పెట్టిన. చెట్టు మొదట్ల తడి ఎట్లొచ్చింది?"

"నేనే పోశాను మామ్మగారూ. రోజూ బియ్యం కడిగిన నీళ్లు. మల్లెచెట్టు ఎండిపోతుంటే చూస్తూ ఎలా ఊరుకుంటాం?"

"ఎండాలనే ఆపిన. తెల్వకపోతే జర అడగొద్దా?"

"అడిగితే మీరు కసురుతారు."

"కసరక, నిన్ను సంకల ఎత్తుకోవాల్నా?"

"మీ దగ్గర ఎవరు పచ్చగా ఉంటారండీ? ఆ చెట్టుకి కాళ్లుంటే ఎప్పుడో ఇల్లు ఖాళీ చేసి పోయేది."

"చెట్టుకు లేవు. నీకున్నయి గద కాళ్లు. నువ్వు చెయ్యి ఖాళీ."

నేను ఆ మాట అనగానే, కిరాయికుండే ఆ పిల్ల తన గదిలోకి పోయి తలుపు వేసుకుంది. నేను మల్లె కొమ్మలు కోయడానికి కొడవలి తెచ్చుకున్నాను.

అది ఇక్కడ విమానాలు మొదలైన మూడో ఏడు. శంషాబాద్‌లో మాకున్నవి రెండు గదులు. మా ఆయన పోయాక ఒకదాంట్లో నేనుండి, రెండోది ఆ పిల్లకూ ఆమె మొగుడికీ కిరాయికిచ్చాను. వాళ్లది గోదావరి వైపు. అతనికి ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎక్కించే పని. మధ్యాహ్నం పోతే ఆమె పడుకున్నాకే వచ్చేవాడు. సాయంత్రం కాగానే ఆమె నా గడప మీదకు వచ్చి కూర్చునేది. ఏం కూర వండారని అడిగేది, ఉప్పు కూడా పొదుపేనా అని వెక్కిరించేది. మాట మధ్యలో విమానం పోతే ఇద్దరం ఆగి, అది దాటిపోయాక ఆగినచోటి నుంచే అందుకునేవాళ్లం. రోజు మొత్తంలో నాతో మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే.

మా పొలం విమానాశ్రయం కింద పోకముందు అందులో అర ఎకరం మల్లెతోట ఉండేది. చెట్టు కొన్నాళ్లు ఎండితేనే తర్వాత మొగ్గ బాగా వేస్తుందని, చలికాలం రాగానే నీళ్లు ఆపేవాళ్లం. ఆకు పండేదాకా ఓర్చుకుని, అప్పుడు గొర్లమందను తోటలోకి తోలించేవాళ్లం. అవి ఆకంతా మేసిపోయాక కొమ్మలు కోసేవాళ్లం. కొత్తగా కాపురానికి వచ్చిన ఏడు, తోట పాడవుతోందని నేను కర్ర పట్టుకుని గొర్లను తరిమాను. మా అత్త ఆ కర్ర గుంజుకుని, "తిననియ్యవే, అవి తింటేనే మనకు పువ్వు" అన్నది. ఈ ముచ్చట ఆ పిల్లకు చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు.

వాకిట్లో ఉన్నది ఆ తోట నుంచి తెచ్చి నాటిన ఒక్క మొక్క. గోడ నీడకు ఎండ వెతుక్కుంటూ సన్నగా మీదికి పోయింది. కిందంతా బోడి కట్టె, కొసన నాలుగాకులు. అట్లాంటిదానికి నీళ్లు తాపితే ఇంకా పొడుగే పోతుంది. మోకాలి ఎత్తున, గణుపు మీద ఏటవాలుగా కోస్తే ఒక్క కొమ్మకు రెండు చిగుళ్లు వచ్చి గుబురవుతుంది. మిగిలిన ఆకు దూసేసి, ఒక్కో కొమ్మా కోశాను. ఎండి ఉండవలసిన కొమ్మ లోపల ఇంకా పచ్చిగానే ఉంది. ఆ ఏడు పువ్వు ఆలస్యమే అనుకున్నాను. కోసిన కట్టె పొయ్యికి పనికొస్తుందని మోపు కట్టి మూలకు పెట్టాను.

సాయంత్రం బియ్యప్పిండితో సర్వపిండి రొట్టెలు చేశాను. ఎప్పుడూ ఒక్కదానికే కొలుచుకునే నేను ఆ రోజు ఇద్దరికి కలిపాను. రెండు కాల్చి, తలుపు తీసిపెట్టి కూర్చున్నాను. పక్క గదిలో టీవీ మోగుతోంది. గోడ మీద వేలితో కొట్టినా వినబడే దూరం. "బిడ్డా, తిందువు రా" అంటే వచ్చేదేమో. నాలుక చివరిదాకా వచ్చింది. పెద్దదాన్ని, ముందు నేనెందుకు పిలవాలి అనుకున్నాను. దీపాలు పెట్టే వేళ దాటాక ఒకటి తిని, రెండోదాని మీద మూత పెట్టాను.

మరునాడు పొద్దున ఆమె తన గది ముందు ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గు వేసుకుంది. నాకు నడుం వంగదని ఏడాదిగా నా వైపు కూడా తనే వేసేది. ఆ రోజు రెండు గదుల నడుమ ఉన్న మెట్టు దాకా వచ్చి ఆగి, ముగ్గు డబ్బాకు మూత పెట్టుకుని లోపలికి వెళ్లింది. నేను చీపురు తీసుకుని నా వాకిలి ఊడ్చుకున్నాను.