గ్రీవియస్ అనే మాట

డిగ్రీ అయ్యాక గిద్దలూరులో బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేరాను. మాది కొమరోలు వైపు పల్లె, తెలుగు మీడియం చదువు. లెక్కలు బాగానే వచ్చేవి గానీ ఇంగ్లీషు దగ్గర ప్రతిసారీ బోల్తా పడేదాన్ని. రోజుకు ఇరవై కొత్త మాటలు నోటికి రావాలన్నారు సారు. బస్సులో, బోరు దగ్గర, ఎక్కడున్నా వల్లె వేసేదాన్ని. ఆదివారం నాయనకు బదులు గొర్రెల వెంట పోయినా నోట్సు చేతిలోనే ఉండేది.

అట్లాంటి ఒక ఆదివారం మాటల్లో మునిగి తల ఎత్తేసరికి మంద మందంతా పక్క కందిచేలో ఉంది. ఆ చేను గలాయన మాకు బంధువు కాడు, అయినా నేను మామా అనే పిలిచేదాన్ని. గొడ్డలితో కంప కొడుతున్నవాడు అట్లాగే పరుగెత్తుకొచ్చాడు. వస్తూనే చూలు గొర్రెను కడుపులో తన్నాడు. అది ముందుకాళ్ల మీద కూలిపోయింది. నేను అడ్డం పోతే జుట్టు పట్టుకుని చాళ్ల వెంట ఈడ్చాడు.

"గొర్రెల్ని చేన్లోకి తోలి ఈడ కూచోని సదువుతుండావా? ఏం, కలెక్టరునైతాననుకున్నావా?"

నా కేకలు విని అవతలి చేలో ఉన్న నాయన పరుగున వచ్చాడు.

"తప్పు మాదేలే బావా, పంట నష్టం కట్టిస్తా. ఆడపిల్లను వదులు" అన్నాడు రెండు చేతులూ పైకెత్తి.

మామ నన్ను వదిలి గొడ్డలి తిరగేసి కొట్టాడు. నాయన ఎడమచెయ్యి అడ్డం పెట్టాడు. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. రెండో దెబ్బ తలమీద పడింది. నెత్తురు కళ్లల్లోకి కారుతుంటే నాయన నన్ను వెతుకుతున్నట్టు గాలిలో తడిమాడు. మూడోసారి గొడ్డలి లేచింది. నా చేతికి దొరికిన రాయి తీసుకుని బలంకొద్దీ విసిరాను. అది మామ నోటిమీద తగిలింది. గొడ్డలి జారవిడిచి మట్టిలో కూలబడ్డాడు.

నాయనకు తలకు పద్నాలుగు కుట్లు, చేతికి పిండికట్టు వేశారు. నాలుగోరోజు స్టేషనుకు పిలిచారు. గాయాల సర్టిఫికెట్ ముందు పెట్టి, చిన్న దెబ్బలే గదా, రాజీ పడమన్నాడు అక్కడ కేసులు రాసే రైటరు. నేను కాగితం అందుకుని చదివాను.

"అన్నా, ఇందులో సింపుల్ అని ఉందేంది? ఎముక ఇరిగిందని ఎక్స్‌రేలో వచ్చినాది గదా. గ్రీవియస్, అంటే పెద్ద గాయం అని రాయాల."

"ఎవురు చెప్పినారు నీకు?"

"ఆ మాటకు అర్థం చూస్తుంటే చట్టంలో ఏయే దెబ్బల్ని అట్లంటారో కూడా సదివినా."

డాక్టరు దగ్గరికి పోతే, ఎక్స్‌రే రాకముందు రాసిన కాగితమది అన్నాడు. మార్చి రాసిచ్చాడు. సెక్షను మారింది. మరుసటి రోజు మామను జీపెక్కించారు. ఆయన పెండ్లాం వీధిలో దుమ్మెత్తి పోస్తుంటే నేను గుమ్మంలోనే నిలబడి చూశాను. ఇన్నాళ్లు కూడబెట్టిన మాటలన్నిటిలో అదొక్కటే నాకు పనికొచ్చిందనిపించింది.

ఆ సంబరం వారం కూడా నిలవలేదు. మామ తరఫు వాళ్లు నామీద ఎదురు కేసు పెట్టారు. ఆయన ముందుపన్ను విరిగింది. ఎముక విరిగినా పన్ను విరిగినా చట్టానికి ఒకటేనట. ఆయన సర్టిఫికెట్‌లో కూడా అదే మాట. నేనూ చదివాను ఆ జాబితా. ఎముక అన్నదగ్గరే ఆగిపోయాను.

"కేసుంటే బ్యాంకు ఉద్యోగం ఎట్ల ఇస్తారమ్మీ? నా చెయ్యి ఎట్లాగూ పోయె. పోనీలే" అన్నాడు నాయన.

ఊరిపెద్దలు రెండువైపులా కూర్చోబెట్టి ఒప్పించారు. కోర్టులో ఎవరికి వారం, కొట్టిందెవరో చూడలేదని చెప్పాం. నా వంతు వచ్చినప్పుడు ఎదురుగా మామ పన్ను లేని నోరు మూసుకుని నిలబడి ఉన్నాడు. చూడలేదని నేనూ చెప్పాను. సాక్ష్యం లేదని రెండు కేసులూ కొట్టేశారు.

చూలు గొర్రె తన్ను తిన్న రాత్రే చచ్చింది. నాయన ఎడమచెయ్యి ఇప్పటికీ భుజం దాటి లేవదు. మరుసటి ఏడు పరీక్ష గట్టెక్కాను, మార్కాపురం దగ్గర ఒక బ్రాంచిలో పని. రాయి విసిరినందుకు సిగ్గుపడాలని చాలాసార్లు ప్రయత్నించాను. సిగ్గు రాలేదు. అబద్ధం చెప్పినందుకు మాత్రం ఇప్పటికీ ముఖం కాలుతుంది.