పాలలో ఉల్లికాడ

పాలలో ఉప్పు వేయకూడదని మా అమ్మ నాకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు. పాలంటే బెల్లం వేసుకునేవి, తోడు పెట్టుకునేవి. అలా పెరిగినదాన్ని ఫిజీలో ఒక దొర బంగళాకు వంటమనిషినై, పాలలో ఉప్పూ, మిరియాల పొడీ, ఉల్లికాడలూ, పచ్చి ఆవపిండీ కలిపి ఉడికించాను. ఆ రోజులు తలుచుకుంటే ఇన్నేళ్ళ తర్వాత కూడా ముందు నాలుక వెనక వికారపు నీళ్ళూరతాయి, తర్వాతే మనుషులు గుర్తొస్తారు.

మేము గిర్మిట్ మీద వచ్చినవాళ్ళం. ఐదేళ్ళ కూలి ఒప్పందాన్ని అక్కడ అందరూ గిర్మిట్ అనే అనేవాళ్ళు. విశాఖపట్నం వైపు పల్లె మాది. మా మేనమామే నా మొగుడు, అందుకని ఓడ ఎక్కినా, చెరకు తోటలోకి వచ్చి పడ్డా నేను మావా అనే పిలిచేదాన్ని. ఆయన చెరకు నరికేవాడు, నేను ఆడవాళ్ళ గుంపులో కలుపు తీసేదాన్ని. అందరం లైన్లలో ఉండేవాళ్ళం. లైన్లంటే రేకు కప్పు కింద పొడవాటి కొట్టం, మధ్యలో చెక్కలతో గదులు. ఒక గదిలో దగ్గితే పక్క గదిలో నిద్ర లేచేవారు.

నెల తప్పిందని తెలిసిన కొత్తలోనే నన్ను బంగళా వంటపాకలోకి పిలిచారు. అంతకుముందున్న వంటవాడు గిర్మిట్ తీరిపోయి వెళ్ళిపోయాడు. నాకు హిందుస్తానీ కాస్త పట్టుబడిందనీ, చేతులు శుభ్రంగా ఉంటాయనీ కూలీల మేస్త్రీ, మేము సర్దారు అనేవాళ్ళం, నా పేరు చెప్పాడట. లైన్లలో ఆడవాళ్ళంతా నా అదృష్టానికి కుళ్ళుకున్నారు. పక్క గదిలో ఉండే నెల్లూరు పెద్దమ్మ అయితే నా గడ్డం పట్టుకుని, కడుపుతో ఉన్నదానికి నీడన పని దొరకడం దేవుడి దయ అంది. మావ మాత్రం సంతోషించలేదు. ఆ దొర సంగతి మగవాళ్ళకు తెలుసు. పొలంలో పని చేయించే దొరను మేమంతా కులంబర్ అనేవాళ్ళం. ఈయన గుర్రం దిగకుండానే బూటుకాలితో మనిషి వీపు మీద తన్నేవాడు. అలా తన్నడానికి గుర్రాన్ని ఎంత దగ్గరగా నడపాలో ఆయనకు బాగా అలవాటు.

దొరసాని నాకంటే ఓ రెండేళ్ళు పెద్దదేమో. పెళ్ళి చేసుకోవడానికి ఓడ మీద వచ్చిందట. ఎండకు ముఖం మీద ఎర్రటి మచ్చలు లేచి, పెదవులు ఎప్పుడూ పగిలి ఉండేవి. హిందుస్తానీ ముక్కలు కొన్ని నేర్చుకుంది. మిగతాదంతా చేతులతో చెప్పేది. ఆమె నాకు మొదట నేర్పిన వంట ఈ ఉల్లికాడలదే. దొరకు అది ప్రాణమట. ఆయన తల్లి చేసేదట.

వాటిని వాళ్ళు లీకులంటారు. చూడ్డానికి మన ఉల్లికాడల్లాగే ఉంటాయి, కాకపోతే నా మణికట్టంత లావు. అడుగున తెలుపు, పైకి పోయేకొద్దీ నీలం కలిసిన ఆకుపచ్చ. అవి చలిదేశపు మొక్కలు. దొరసాని బంగళా వెనక మడి కట్టించి విత్తనాలు వేయిస్తే వెంట్రుకల్లా మొలిచి ఎండిపోయాయి. అందుకని న్యూజిలాండ్ నుంచి సువా పట్నానికి వచ్చే ఓడలో పెట్టెల్లో తెప్పించేవారు. సువా నుంచి మా పడమటి తీరానికి చిన్న స్టీమరు, రేవు నుంచి చెరకు మోసే ట్రాము బండి. ఇన్ని చేతులు మారి వంటపాకకు చేరేసరికి పై పొరలు మెత్తబడి జిగురు కారేవి. ఒక దాన్ని పట్టుకుని పైకి తీస్తే తొడుగు ఊడినట్టు ఊడి, ఆ జారుడు పొర మాత్రం నా అరచేతిలో ఉండిపోయేది. చీమిడి తుడిచిన గుడ్డ చేతికి తగిలినట్టుండేది నాకు.

లోపలి పొరల మధ్య మట్టి. ఎన్ని నీళ్ళు మార్చినా ఎక్కడో ఒక ఇసుక రేణువు మిగిలేది. దొర పంటికి అది తగిలిందంటే ఆ పూట కంచం గోడకు తగిలేది. అందుకని నిలువునా చీల్చి, ఒక్కో పొరా వేలితో తడుముతూ కడిగేదాన్ని. ఆ వాసన గోళ్ళ సందుల్లోకి దిగి, బూడిద వేసి తోమినా వదిలేది కాదు.

తర్వాత వంట. డబ్బా వెన్న తీసి ఇనప పొయ్యి మీద కరిగించాలి. ఆ వేడికి డబ్బాలో వెన్న ఎప్పుడో పాచి కంపు పట్టి ఉండేది. అందులో తరిగిన ముక్కలు వేసి సన్నటి సెగ మీద మగ్గబెట్టాలి. వేగకూడదు, రంగు మారకూడదు. మన వంటలో ఉల్లిపాయ ఎర్రబడే దాకా వేపితేనే కదా కమ్మటి వాసన వచ్చేది. అక్కడ ఆ ఎరుపు ఒక ముక్కకు కనిపించినా దొరసాని గిన్నె దించేసేది. తడి తడిగా, పాలిపోయి, కమిలిన చర్మంలా మెత్తబడ్డాక మైదా చల్లి, పాలు పోసి, మీగడ వేసి, గరిటె ఆపకుండా తిప్పాలి. చివరికి పసుపురంగు డబ్బాలోంచి ఆవపిండి తీసి చన్నీళ్ళలో కలిపి వేయాలి. మీద రొట్టె పొడి చల్లి పొయ్యి గూట్లో పెడితే అంచుల దగ్గర బుడగలు లేచేవి. ఒక్కో బుడగా పగిలినప్పుడల్లా పాలు, ఉల్లి, ఆవ కలిసిన వాసన నా ముఖానికి కొట్టేది. మొదటి రోజు నేను అరటి చెట్ల వెనక్కి పరిగెత్తి, పొద్దున తాగిన గంజి అంతా కక్కేశాను.

వేవిళ్ళని అనుకున్నాను. ఆ నెలలు గడిచిపోయినా వెగటు పోలేదు.

దానికి తోడు దొర పెట్టిన నియమం ఒకటుండేది. ఎక్కడో వేరే తోటలో వంటవాడు తిండిలో ఏదో కలిపాడని ఆయన చెవిన పడిందట. అందుకని బల్ల మీద పెట్టిన ప్రతి వంటకం నుంచీ ఒక చెంచాడు ముందు నేను ఆయన ఎదుట నిలబడి తినాలి. అన్నం, మాంసం ఏదైనా సరే, కళ్ళు మూసుకుని మింగేయగలిగేదాన్ని. ఇది మాత్రం గొంతు దిగేది కాదు. మీగడ నాలుకకు పట్టుకునేది, ఉల్లికాడ ముక్క పళ్ళ కింద నలగకుండా జారిపోయేది, ఎక్కడో లోపల ఆవ ఘాటు ముక్కులోకి ఎక్కేది. నేను మింగేదాకా దొర నా గొంతు వైపే చూసేవాడు. ఆ తర్వాత తినడం మొదలుపెట్టేవాడు. రొట్టె ముక్కతో కంచం తుడుచుకుని మరీ తినేవాడు. మీసాల చివర తెల్లటి మీగడ అంటుకుని ఆరిపోయేది. దాన్ని నాలుకతో అందుకోవడానికి ఆయన పెదవి పక్కకు లాగేవాడు. ఆ పెదవిని చూడకుండా ఉండాలని నేను గోడ మీద పటం వైపు చూస్తూ నిలబడేదాన్ని.

సాయంత్రం లైన్లకు వెళ్తే వాసన నాతోపాటే వచ్చేది. చీర ఉతికి ఆరేసినా, జుట్టుకు కొబ్బరినూనె పట్టించినా పోయేది కాదు. మావ మంచివాడే. కానీ అన్నం తినేటప్పుడు కాస్త దూరంగా జరిగి కూర్చునేవాడు. ఒకరోజు నెల్లూరు పెద్దమ్మ నా మీద ప్రేమతో, ఎక్కడో సంపాదించిన పచ్చి అరటికాయలు వండి, ఆవ నూరి పెట్టి తెచ్చింది. మా అమ్మ చేతి కూరల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైంది అదే. ఓడలో జ్వరం వచ్చినప్పుడు దాన్నే కలవరించానట. గిన్నె మూత తీయగానే ఆవ వాసన తగిలింది, దాని వెనక లేని మీగడ వాసన కూడా తగిలింది. ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయాను. ఆ ముసలావిడ ఎదుటే గిన్నె పక్కకు నెట్టి ఏడ్చాను. కడుపుతో ఉన్నదాని చాదస్తం అనుకుని ఆమె నా వీపు రాసింది. దొర మీద అప్పటిదాకా భయమే ఉండేది. మా అమ్మ కూర నాకు కాకుండా చేసిన మనిషని ఆ రోజు అసహ్యం పుట్టింది.

దొరసాని ఆ వంటకాన్ని ముట్టదని నాకు మెల్లగా అర్థమైంది. నాకు నేర్పేటప్పుడు గుమ్మంలోనే నిలబడేది. చేతిరుమాలు ముక్కు దగ్గర పెట్టుకునేది. బల్ల దగ్గర కంచంలో కాస్త వేసుకుని, చెంచాతో అటూ ఇటూ తోసి, రొట్టె కింద దాచేసేది. కంచాలు నేనే కడిగేదాన్ని కాబట్టి రొట్టె కింద ఏముందో నాకు తెలుసు. ఆమె కూడా కడుపుతో ఉందని ఆ నెలలోనే తెలిసింది. ఒక పొద్దున నీళ్ళ పీపా దగ్గర వంగి వాంతి చేసుకుంటూ నన్ను చూసింది. పొట్ట మీద చెయ్యి వేసి చూపించింది. నేనూ నా పొట్ట మీద చెయ్యి వేశాను. అంతకంటే మేము మాట్లాడుకున్నది లేదు.

ఒక వారం గాలివాన వచ్చి స్టీమరు ఆలస్యమైంది. పెట్టె వచ్చి మూత తీస్తే ఈగలు లేచాయి. కాడల్లో తెల్లటి సన్న పురుగులు కదులుతున్నాయి. అడుగున నల్లటి నీరు చేరింది. పారేద్దామని నేను చేత్తో చూపించాను. దొరసాని తల అడ్డంగా ఊపింది. పొద్దున వెళ్ళేటప్పుడు ఆయన ఆ వంటకమే కావాలని అడిగి వెళ్ళాడు, పెట్టె రేవులో దిగిందని ఆయనకు తెలుసు. మంచి భాగం ఏరమంది. ఏరితే గుప్పెడు మిగిలింది. మీగడ కూడా ఆ ముసురుకు పులిసింది. వాసన తెలియకుండా ఆవపిండి ఎక్కువ వేయమంది. వేశాను.

దొర తడిసిన బట్టలతోనే వచ్చి కూర్చున్నాడు. నేను చెంచాడు తిన్నాను. ఆవ ఘాటుకు కళ్ళ నీళ్ళు తిరిగాయి, ఆ వెనకే కుళ్ళు తగిలింది. ఎలాగో మింగాను. ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి, తిరిగి కంచంలోకి వదిలాడు. తర్వాత భార్యతో ఇంగ్లీషులో ఏదో చాలా నెమ్మదిగా అన్నాడు. గిన్నె మొత్తం ఆమె ముందుకు జరిపాడు. తాను నోట్లోంచి వదిలిన ముద్దను కూడా అందులోకే గీకాడు.

ఆమె చెంచా తీసుకుంది. తినడం మొదలుపెట్టింది.

ఆయన అరవలేదు, చెయ్యి ఎత్తలేదు. కుర్చీలో వెనక్కి వాలి, మీసం తుడుచుకుంటూ చూస్తూ కూర్చున్నాడు. ఆమె పెదవుల మూలల్లో తెల్లగా కారుతోంది. ప్రతి ముద్దకూ మెడ నరాలు లేస్తున్నాయి. నేను చూడలేక హిందుస్తానీలో అన్నాను:

"దొరా, వండింది నేను. అమ్మగారికి ఒంట్లో బాగాలేదు."

ఆయన నా వైపు తల కూడా తిప్పలేదు.

"ఆమె తిన్నాక మిగిలింది నువ్వు తింటావు."

ఇంకేమైనా అనడానికి నోరు తెరిచాను. మాట రాలేదు, కడుపులో ఉన్నదంతా వచ్చింది. బల్ల గుడ్డ మీద, ఆయన మోచేతి పక్కనే పడింది. అది చూసి దొరసాని లేచి, రెండడుగులు వేసి, నేల మీద కక్కుకుంది. దొర లేచి తన చొక్కా చెయ్యి చూసుకున్నాడు, మమ్మల్ని చూశాడు. ఆ ముఖంలో కనిపించింది కోపం కాదు, రోత. మేమిద్దరం ఏదో మురికి కాలవలోంచి ఆయన ఇంట్లోకి వచ్చినట్టు చూశాడు. అప్పటిదాకా అసహ్యపడే హక్కు మాదేననుకున్నాను. అది కూడా ఆయనే తీసుకుని గుర్రమెక్కి వెళ్ళిపోయాడు.

వంటపాక వెనక నీళ్ళ పీపా దగ్గర ఇద్దరం నోళ్ళు కడుక్కున్నాం. నాకు మళ్ళీ వాంతి వస్తే ఆమె నా జడ పట్టుకుంది. ఆమెకు వచ్చినప్పుడు నేను నుదురు పట్టుకున్నాను. తర్వాత ఆ పెట్టెను చెరో వైపూ పట్టుకుని చెత్తగుంట దాకా మోసి బోర్లించాం. ఆమె తన బూటుతో మట్టి తోసి, "బస్" అంది, ఇక చాలని. ఆమెకు వచ్చిన హిందుస్తానీలో ఆ మాట అంత స్పష్టంగా పలకడం నేను ముందెప్పుడూ వినలేదు.

మర్నాడు సర్దారు వచ్చి నన్ను మళ్ళీ కలుపు గుంపులో కలిపాడు. అప్పటికి నా పొట్ట బాగా కనిపిస్తోంది. మావ కంగారుపడ్డాడు.

"ఈ ఎండలో చచ్చిపోతావే పిల్లా. వెళ్ళి కాళ్ళ మీద పడు, మళ్ళీ రానిస్తారేమో."

"చస్తే ఎండలోనే చస్తాను మావా. ఆ వాసనలో మాత్రం చావను."

 ఆయన తన వంతు నరుకుడు అయ్యాక నా వరుసలోకి వచ్చి కలుపు లాగిపెట్టేవాడు. చెరకు ఆకు చేతులు కోసేది, దుమ్ముకు దగ్గు వచ్చేది. అయినా నాకు గంజి ఇమిడింది, నిద్ర పట్టింది. నా కూతురు ఆ లైన్ల గదిలోనే, నెల్లూరు పెద్దమ్మ చేతుల్లో పుట్టింది. బలంగా ఏడ్చింది.

దొరసాని పురిటికని సువా వెళ్ళింది. ఆమె ఎక్కిన బండి మా పొలం పక్కనుంచే వెళ్ళింది. తెర వేసి ఉంది, ఆమె నన్ను చూసిందో లేదో తెలియదు. మళ్ళీ రాలేదు. బిడ్డను తీసుకుని అటునుంచి అటే పుట్టింటి ఓడ ఎక్కేసిందని తర్వాత తెలిసింది. ఈ కబురు చెప్పింది బంగళాకు వచ్చిన కొత్త వంటవాడు, ఉత్తరాది మనిషి. దొర అడిగి చేయించుకునేది ఇప్పటికీ ఆ వంటకమేనట. ఒంటరిగా కూర్చుని, పూర్తిగా తినేసి లేస్తాడట. ఎప్పుడైనా అడుగున కాస్త మిగిలితే తాను రొట్టెలో పెట్టుకుని తింటాననీ, అలవాటు పడితే బాగానే ఉంటుందనీ అతను నవ్వుతూ చెప్పాడు.

మంచివాడే, అబద్ధమాడాల్సిన పని అతనికి లేదు. అయినా అతను మాట్లాడుతున్నంతసేపూ నేను అతని నోటి వైపు చూడలేకపోయాను.