అమ్మ చూడాలనుకున్న రాతి రథం

ఎండకు కాలిన బండ మీద నీళ్లు పడితే లేచే వేడి వాసన మొన్న సాయంత్రం మా బాల్కనీలో తగిలింది. కుండీలకు పోస్తున్న నీళ్లు గచ్చు మీద ఒలికాయి, అంతే. లోపల మా అమ్మాయి ఫోన్లో హంపికి టికెట్లు చూస్తూ, "అమ్మా, నువ్వెప్పుడన్న పోయినవా?" అని అడిగింది. లేదన్నాను. ఎందుకని అడగకముందే చెంబు పట్టుకుని మళ్లీ కుండీల దగ్గరికి పోయాను.

నేను పుట్టి పెరిగింది ఖిలా వరంగల్‌లో, మట్టికోట దాటి, రాతికోట దాటి, విరిగిన శిల్పాలకూ మక్కజొన్న చేలకూ నడుమ ఉన్న రెండు గదుల పెంకుటింట్లో. మాకు ఆ రాళ్లు చరిత్ర కాదు. తలలేని నంది వీపు మీద అమ్మ మిరపకాయలు ఎండబోసేది, తామరపువ్వు చెక్కిన దిమ్మ మీద బట్టలు ఉతికేది, మేము ఆడపిల్లలం పడిపోయిన స్తంభాల మీద బొగ్గుతో గళ్లు గీసుకుని చింతగింజలతో మధ్యాహ్నాలు గడిపేవాళ్లం. వానలు మొదలైతే ప్రతి రాతి సందులోంచీ పచ్చని నాచు పాకేది, చలికాలం పొద్దున్నే మంచులో తోరణాలు సగమే కనిపించేవి, ఎండాకాలంలో చెప్పుల్లేని కాళ్లతో ఒక నీడ నుంచి ఇంకో నీడకు ఉరికేవాళ్లం.

నాయిన కాజీపేటలో రైలు పట్టాలు బాగుచేసే గ్యాంగులో పనిచేసేవాడు. వరంగల్ స్టేషన్ దాకా సైకిలు, అక్కడి నుంచి రైలు. తిరిగొచ్చేసరికి ఒంటినిండా ఇనుము, గ్రీజు, చెమట కలిసిన వాసన. కాగితమంటే ఆయనకు భక్తి. రేషన్ కార్డు నుంచి నా మార్కుల పత్రం దాకా అన్నీ ప్లాస్టిక్ కవర్లో మడిచి, గోడ అల్మారాలో పై అరలో పెట్టేవాడు. ఏ కాగితం అడిగినా, చీకట్లో కూడా చేయి పెట్టి తీసిచ్చేవాడు.

అమ్మకు హంపి పేరు మొదట తెలిసింది బజారులో, ఓ బట్టల కొట్టు వాళ్లిచ్చిన క్యాలెండర్ చూసి. అందులో రాతి రథం బొమ్మ ఉంది. నెల మారినా ఆ కాగితం తిప్పనిచ్చేది కాదు. "మన కాడ అన్నీ పలిగినయే బిడ్డా. పుట్టినకాంచి పలిగినయే జూత్తాన. గక్కడ రథం చక్రాలతోని నిండుగ ఉన్నదట. ఒక్కటన్న నిండుగున్నది జూడాలె" అనేది. అంతకు మించి ఏ కోరికా ఆమె నోట నేను వినలేదు.

నేను నాలుగో తరగతిలో ఉన్న ఏడు, బతుకమ్మ పేర్చేటప్పుడు మొదటిసారి తేడా కనిపించింది. ఊరంతా మెచ్చుకునేటట్టు పేర్చే మనిషి, గునుగు పువ్వు పెట్టబోయి తాంబాలం అంచు దాటి కింద పెట్టింది. ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. దీపం చుట్టూ రంగురంగుల గుండ్రాలు కనపడుతున్నాయని నవ్వుతూ చెప్పేది, నాకూ కనపడితే బాగుండునని నేను కళ్లు చికిలించి చూసేదాన్ని. సద్దుల బతుకమ్మకు ముందు నాయిన పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. నీటికాసులన్నారు, కంటి నరాన్ని తినేసే జబ్బు. ముదిరిపోయిందనీ, పోయిన చూపు రాదనీ, ఉన్నదాన్ని చుక్కల మందుతో కొన్ని నెలలు ఆపవచ్చేమో అనీ చెప్పారు.

నాయిన ఆ వారమే సెలవు అడిగి, ముగ్గురికీ హంపి ప్రయాణానికి రైల్వేవాళ్లు ఉద్యోగులకిచ్చే ఉచిత పాసు రాయించుకొచ్చాడు. ఇక ఇంట్లో ప్రతి సాయంత్రం అదే మాట. కాజీపేటలో ఎక్కి సికింద్రాబాద్, అక్కడ బండి మారి గుంతకల్లు, మళ్లీ మారి హోస్పేట, ఆపైన బస్సు. నాయిన చెప్తుంటే అమ్మ ఆ పేర్లను పాటలా మళ్లీ మళ్లీ అనుకునేది. పండక్కి తప్ప చేయని సకినాలు దారి కోసం చేసింది. నువ్వులు, వాము వేసిన పిండిని వేళ్లతో తిప్పుతుంటే చుట్లు ఒకదాని మీదొకటి ఎక్కుతున్నాయి. నేను పక్కన కూర్చుని సరిచేశాను.

ఒకరోజు నేను తలుపు వెనక పుస్తకం పట్టుకుని ఉన్నాను. నాయిన మా మేనత్తతో చెప్తున్నాడు: "గా రథం జూపిత్తె అయిపాయె. ఇగ సూపు వోయినా ఫికర్ లేదని అంటాంది."

నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆ మాట నాకు ఇంకోలా అర్థమైంది. రథం చూశాకే చూపు పోతుంది. చూడకపోతే పోదు. అమ్మ కళ్లు ఆ ప్రయాణం కోసమే ఆగి ఉన్నాయి, ప్రయాణం లేకపోతే ఎప్పటికీ ఆగే ఉంటాయి. ఎవరినీ అడగలేదు. మరునాడు బడికి పోయేముందు పీట ఎక్కి, కవర్లోంచి పాసు తీసి, రాతికోట గోడలో నా చేయి మాత్రమే పట్టే సందులోకి తోసేశాను.

బయల్దేరే రోజు పొద్దున నాయిన కవరు తీశాడు. ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు కాగితాలన్నీ చాప మీద పరిచాడు. అమ్మ కొత్త చీర కట్టుకుని గడపలో నిలబడి ఉంది. "ఈడనే పెట్టిన. ఈడనే గదనే పెట్టింది" అంటూ ఆయన అల్మారాలోని బట్టలన్నీ కింద పడేశాడు. అమ్మ ఒక్క మాటే అంది: "నా పనికాడికి అచ్చేవరకే నీకు మతిమరుపాయె."

ఆయన ముఖం అప్పుడు ఎలా మారిందో నాకిప్పటికీ గుర్తుంది. మరునాడు పాసు తెచ్చిచ్చి అంతా చెప్పేదాన్నే. కానీ ఆ సాయంత్రం తుపాను వాన మొదలైంది, మూడు రోజులు వదల్లేదు. తెరిపిచ్చాక పరుగెత్తి వెళ్లి సందులో చేయి పెడితే తడి గుజ్జు వేళ్లకు అంటుకుంది. ఆ ఏటికి ఇంకో పాసు ఇవ్వరన్నారు, సెలవూ అయిపోయింది.

చలికాలం ముగిసేలోపు అమ్మ చూపు పూర్తిగా పోయింది. మరుసటి ఏడు నాయిన మళ్లీ పాసు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. అమ్మ దాన్ని తడిమి, మడిచి, తిరిగి ఇచ్చేసింది. "ఏం జూడవోవాలె?" అంది. ఆ తరువాత మా పాసులన్నీ దవాఖానలకే.

నాయిన మాత్రం మారిపోయాడు. బయటికి పోతూ జేబు తడుముకునేవాడు, గుమ్మం దాటి మళ్లీ తడుముకునేవాడు, స్టేషన్ దాకా పోయి తాళం వేశానో లేదో చూడటానికి వెనక్కి వచ్చేవాడు. రిటైరయ్యేదాకా, పోయేదాకా, తనది మతిమరుపు మనిషి బతుకని నమ్మాడు. ఎన్నోసార్లు ఆయన పక్కన కూర్చుని నోరు తెరిచాను. తెరిచి, అన్నం తిన్నవా అని అడిగాను.

ఆయన పోయిన రెండేళ్లకు అమ్మతో చెప్పాను. జొన్నరొట్టె తుంచుతున్న చేయి ఆగింది. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. రొట్టె పళ్లెంలో పెట్టేసి, నా వైపు కాక గోడ వైపు ముఖం పెట్టి అడిగింది.

"మీ నాయినకు జెప్పినవా?"

"లేదమ్మా."

"జెప్పకపోతివి. మతిమరుపని నేనన్నమాట ఆయినె గట్లనే మోసుకపాయె."

ఆ తరువాత ఆ సంగతి ఎత్తలేదు. మూడేళ్ల కింద అమ్మ కూడా వెళ్లిపోయింది.

ఇప్పుడు మా పెంకుటిల్లు లేదు. నేను చేయి పెట్టిన గోడకు కొత్త సున్నంతో సందులన్నీ పూడ్చారు, శిల్పాల చుట్టూ కంచె వేశారు, వాటి మీద మిరపకాయలు ఎండబోసేవాళ్లు లేరు. పాసు కూడా ఇప్పుడు కాగితం కాదట, ఫోన్లోనే వస్తుందట.

మా అమ్మాయి టికెట్లు తీసేసింది. వచ్చే నెల మొదటి శనివారం. రథం దగ్గరికి పోతాను, చక్రాలు చూస్తాను, నిండుగానే ఉంటాయి. తిరిగొచ్చాక, అది ఎట్లున్నదని నన్ను అడిగేవాళ్లే లేరు.